పాతకాలపు కారులో ఇంజన్ వణుకు: రబ్బరు మౌంటింగులు ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

అనంతపురంలో మా షెడ్డులో 1930 ప్రాంతపు నాలుగు సిలిండర్ల ఓపెన్ కారు ఒకటి ఉంది. స్టార్ట్ చేయగానే మొదట మడ్‌గార్డులు వణికేవి, తర్వాత హెడ్‌లైట్లు, తర్వాత స్టీరింగు, చివరికి సీట్లో కూర్చున్న మనిషి. తాడిపత్రి దాకా పోయొస్తే అరచేతులు చాలాసేపు తిమ్మిరిగా ఉండేవి, ఇంట్లోవాళ్లు ఒకసారి ఎక్కితే రెండోసారి వద్దనేవాళ్లు. ఇంజన్‌లో తప్పేమీ లేదు. బోరు బాగుంది, కంప్రెషన్ నాలుగింటిలోనూ సమానంగా ఉంది. కాకపోతే ఆ కాలపు చాలా కార్ల మాదిరే దీనికీ ఇంజన్ కాళ్లు చాసీ మీద, అంటే బండి అడుగు ఫ్రేము మీద, బోల్టులతో బిగించేసి ఉన్నాయి, మధ్యలో ఉన్నదల్లా ఎండి చెక్కలా గట్టిపడిన పలచటి రబ్బరు బిళ్ల. దీన్ని దారికి తేవడానికి నాకు రెండేళ్లు పట్టింది, అందులో ఏడాదిన్నర తప్పుదారిలోనే పోయింది. ఇంట్లో పాత కారు పెట్టుకున్నవాళ్లకు ఆ ఏడాదిన్నర మిగలాలని ఇది రాస్తున్నాను.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. పాత లారీ టైరు కోసి ముక్కలు పెట్టాను. వణుకు పిసరంత కూడా తగ్గలేదు. టైరులో రబ్బరు కంటే దాని లోపలి గుడ్డ పొరలే బలం, అవి కుంగవు. సిమెంటు ఫ్యాక్టరీల్లో తీసేసిన కన్వేయర్ బెల్టు ముక్కలూ అంతే. తర్వాత బెంగళూరు జేసీ రోడ్డు నుంచి బాగా మెత్తటి రబ్బరు తెచ్చి పెడితే ఇంజన్ కుంగిపోయి, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జరిగి, ఒకరోజు ఫ్యాను రెక్క రేడియేటరుకు తగిలింది. అప్పుడు మా వీధి చివర లేత్ షాపు పెద్దాయన వచ్చి, ఇంజన్ ఆడుతుండగా రెండు నిమిషాలు ఊరికే చూసి, ఒక్క మాట అడిగాడు: “రబ్బరు మార్చినావు సరేప్పా, ఈ ఇంజన్ యా పక్కకు ఊగల్లనుకుంటాందో సూసినావా?” నేను చూడలేదు. అసలు పని అక్కడే మొదలైంది.

ఇంజన్ ఎందుకు ఊగుతుంది

నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు రెండు రకాల వణుకులు ఉంటాయి. వీటిని వేరుచేసి చూడకపోతే ఏ రబ్బరు పెట్టినా గుడ్డిగా పెట్టినట్టే.

ఒకటి పైకీ కిందికీ కొట్టుకునేది. ఒకటో పిస్టన్, నాలుగో పిస్టన్ పైకి పోతుంటే రెండోదీ మూడోదీ కిందికి వస్తాయి కాబట్టి లెక్క చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. కానీ పిస్టన్‌ను క్రాంకు షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వాలడం వల్ల పిస్టన్ తన దారిలో పై సగాన్ని తొందరగా, కింది సగాన్ని నెమ్మదిగా దాటుతుంది, అందుకని పైకి పోయే జంట, కిందికి వచ్చే జంట ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకోలేవు. మిగిలిపోయిన బలం క్రాంకు ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు కొడుతుంది. ఇంజన్ వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు దీనికోసమే క్రాంకు కంటే రెట్టింపు వేగంతో ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండు బ్యాలెన్స్ షాఫ్టులు తయారుచేశాడు. మన పాత బండ్లలో అవి ఉండవు.

రెండోది పక్కలకు ఊగడం. ప్రతి పేలుడూ క్రాంకును ఒక పక్కకు తిప్పితే, ఇంజన్ ఒళ్లు రెండో పక్కకు తిరగబోతుంది. చుట్టుకు రెండు పేలుళ్లు కాబట్టి, నిమిషానికి 600 చుట్లతో స్లోలో ఆడే ఇంజన్‌లో సెకనుకు 20 దెబ్బలు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మనల్ని వేధించేది ఎక్కువగా ఇదే. రోడ్డు మీద వేగం అందుకున్నాక మొదటిది పైకి వస్తుంది.

పొలంలో ఆయిలింజన్ ఆడించినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. కాంక్రీటు దిమ్మెకు గట్టిగా బిగించిన ఇంజన్ తాను పెద్దగా కదలదు, కానీ దిమ్మె పక్కన చెప్పుల్లేకుండా నిలబడితే పాదాల్లోకి వణుకు ఎక్కుతుంది. కదలనివ్వకపోతే దెబ్బ నేలలోకి పోతుంది. కదలనిస్తే ఆ దెబ్బ ఇంజన్ తన సొంత బరువును ఊపుకోవడంలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. కాబట్టి మనం చేయాల్సింది ఇంజన్‌ను గట్టిగా పట్టుకోవడం కాదు, అది తన ఇరుసు (చక్రాల ఇరుసు కాదు, ఊపుకు నడిమధ్యన ఉండే ఊహా గీత) చుట్టూ తాను ఊగేలా వదిలి, ఆ ఊపు చాసీకి అందకుండా చూడడం.

దీన్ని కారుకు పూర్తిగా పట్టించి అమ్మింది అమెరికాలో క్రైస్లర్ కంపెనీ, 1931లో ప్లిమత్ పీఏ మోడల్‌తో. ఫ్లోటింగ్ పవర్ అని పేరు పెట్టి, నాలుగు సిలిండర్ల ఖర్చుతో ఎనిమిది సిలిండర్ల నునుపు అని ప్రచారం చేశారు. వాళ్లు చేసిన తెలివైన పని రబ్బరులో కంటే దాని చోటులో ఉంది. ముందు మౌంటింగును బాగా పైన, వాటర్ పంపు కింద పెట్టారు. వెనకదాన్ని కింద, గేర్‌బాక్సు అడుగున పెట్టారు. ఆ రెండింటినీ కలుపుతూ గీత గీస్తే అది ఇంజన్ బరువు కేంద్రం, అంటే బడిలో గరిమనాభి అని చదువుకున్నామే, దాని దగ్గరగా పోతుంది. ఆ గీత చుట్టూ ఇంజన్ ఉయ్యాల మాదిరి ఊగుతుంది, మరీ తిరిగిపోకుండా పక్కన ఒక పట్టీ స్ప్రింగు. 1932లో ఫ్రాన్సులో సిట్రోయెన్ ఈ పద్ధతి హక్కులు కొనుక్కుని తన కార్ల ముందు ఈదే హంస బొమ్మ పెట్టుకుంది. ఆ హంస నాకు చాలా ఇష్టం, నీళ్ల మీద తేలే పక్షి కంటే ఈ పనికి మంచి గుర్తు దొరకదు.

అంతకు ముందు రబ్బరు లేదని కాదు. చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టింది 1839లో. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ ఇంజన్‌ను మూడు చోట్ల పట్టి ఉంచారు, కాకపోతే అది గతుకుల్లో చాసీ మెలితిరిగినా ఇంజన్ ఒళ్లు పగలకుండా చేసిన ఏర్పాటు.

రబ్బరు జోలికి పోకముందు

ఇంజన్ మిస్సింగ్ కొడుతుంటే ముందు అది సరిచేయండి. నాలుగు ప్లగ్గుల వైర్లూ ఒక్కొక్కటే పీకి చూడండి (చేతికి షాక్ కొట్టకుండా రబ్బరు తొడుగున్న పటకారు వాడండి). నాలుగింటికీ ఇంజన్ వేగం ఒకే మాదిరి పడిపోవాలి. పాయింట్ల గ్యాపు, టైమింగు, ట్యాపెట్లు, మ్యానిఫోల్డు దగ్గర గాలి లీకు, ఇవన్నీ అయ్యాకే మిగతావి. క్లచ్ తొక్కగానే వణుకు మారిందంటే క్లచ్ ప్లేట్ల బ్యాలెన్స్ తేడా, ఓవర్‌హాలింగులో ప్రెజర్ ప్లేటును గుర్తు పెట్టకుండా విప్పి వేరే కోణంలో బిగిస్తే ఇలా అవుతుంది. బండి పోతున్నప్పుడు న్యూట్రల్‌లో వేసి ఇంజన్ ఆపినా వణుకు ఉందంటే అది గేర్‌బాక్సు నుంచి వెనక్కి పోయే జాయింట్ షాఫ్టుది లేదా చక్రాలది. ఫ్యాను రెక్కలు వంగి ఉన్నాయేమో కూడా ఒకసారి చూడండి.

ఇంకో సంగతి. మెకానిక్ షెడ్లలో మౌంటింగులను ఇంజన్ ఫౌండేషన్ అనే అలవాటు ఉంది, ఆ మాట వల్లనో ఏమో చాలామంది వాటిని ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకుంటారు. మీ మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు మీకు కావాల్సింది కుంగే రబ్బరు అని ముందే చెప్పండి.

ఇరుసు కనుక్కోవడం

ఇంజన్‌ను విప్పినప్పుడు క్లచ్, గేర్‌బాక్సు అన్నీ కలిసే ఉంచి, ఆయిలుతో సహా చైన్ బ్లాకుకు ఒకే కొక్కెం మీద వేలాడదీయండి. ఇనుప దూలమో, మూడు కాళ్ల స్టాండో వాడండి, చెట్టు కొమ్మ వద్దు, కింద చేయి కాలు పెట్టవద్దు. కొక్కెం నుంచి మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు దారం వదిలి, దారం ఇంజన్ పక్కన ఎక్కడ పడుతుందో సుద్దతో గీత గీయండి. దించి, ఇంకో చోట పట్టి మళ్లీ వేలాడదీసి మళ్లీ గీయండి. రెండు గీతలు కలిసిన చోటు పక్కనుంచి చూసినప్పుడు బరువు కేంద్రం. ఇద్దరు మనుషులుంటే గంట పని, కానీ ఈ గంట పెట్టకుండా చేసిన మౌంటింగులన్నీ ఊహ మీద చేసినవే.

ఆ గుర్తు గుండా ఇంజన్ ఊగే ఇరుసు పోతుంది. అది క్రాంకు గీత కాదు. ముందు భాగంలో బరువంతా పైన బ్లాకులో, హెడ్డులో ఉంటుంది, వెనక గేర్‌బాక్సు తోక కింద ఉంటుంది, అందుకని ఇరుసు ముందు ఎత్తులో ఉండి వెనక్కి దిగుతుంది. వాటర్ పంపు పరిసరాల నుంచి గేర్‌బాక్సు తోక వైపు, సుద్ద గుర్తు గుండా ఒక గీత గీసుకోండి. ఇంచీ అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

ఇప్పుడు అసలు విషయం. పక్క ఊపుకు రబ్బరు ఇచ్చే అడ్డు, ఇరుసు నుంచి రబ్బరు ఎంత దూరంలో ఉందో ఆ దూరపు వర్గం మీద ఆధారపడుతుంది. రబ్బరును సగం మెత్తన చేస్తే అడ్డు సగమవుతుంది. అదే రబ్బరును ఇరుసుకు సగం దూరం దగ్గరికి జరిపితే అడ్డు పావు అవుతుంది, పైగా ఇంజన్ కుంగదు, ఫ్యాను రేడియేటరును తాకదు. నా మెత్తటి రబ్బరు ప్రయోగం ఎందుకు పాడైందో నాకు ఈ లెక్క వేసినప్పుడు అర్థమైంది. రబ్బర్లను చాసీ పక్క రైళ్ల దగ్గర, ఇరుసుకు బాగా దూరంగా ఉంచేసి, మెత్తదనంతోనే నెట్టుకురావాలని చూశాను.

వెనక మౌంటింగు సులువు. గేర్‌బాక్సు తోక కింద మధ్యలో ఒకటి, లేదా దగ్గరదగ్గరగా రెండు. ముందు దగ్గరే చిక్కు. ప్లిమత్ మాదిరి వాటర్ పంపు కింద పెట్టడానికి చాలా బండ్లలో చోటు ఉండదు, రేడియేటరు అడ్డు. అలాంటప్పుడు రెండు పక్కలా రబ్బర్లను 45 డిగ్రీల వాలులో పెట్టండి, ఇంజన్ ఒక దోనెలో కూర్చున్నట్టు. రెండు రబ్బరు ముఖాలకు లంబంగా గీసిన గీతలు పైన ఒకచోట కలుస్తాయి. ఊగే ఇరుసు ఆ కలిసిన చోటికి కాస్త కిందగా ఏర్పడుతుంది. అంటే రబ్బర్లు కిందే ఉన్నా, ఇంజన్ మాత్రం పైన పట్టి వేలాడదీసినట్టే ఊగుతుంది. బ్రాకెట్లు కోసే ముందు అట్టముక్కతో నమూనా చేసి, ఆ గీతలు మీ సుద్ద గీతకు కాస్త పైన కలుస్తున్నాయో లేదో చూసుకోండి. నా మొదటి బ్రాకెట్ల కోణం తప్పి గీతలు బానెట్ పైన ఎక్కడో కలిశాయి, మళ్లీ లేత్ షాపుకు పోవాల్సి వచ్చింది.

రబ్బరు ఎంత కుంగాలి

చిన్న లెక్క ఒకటి గుర్తుంచుకుంటే చాలు. ఇంజన్ బరువుకు రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే, ఆ ఇంజన్ ఆ రబ్బరు మీద సెకనుకు ఎన్నిసార్లు తనంతట తాను ఎగురుతుందో వస్తుంది. 1 మి.మీ. కుంగితే దాదాపు 16 సార్లు. 3 మి.మీ. కుంగితే 9. 6 మి.మీ. కుంగితే ఆరున్నర. నడుస్తున్నప్పుడు రబ్బరు కాస్త గట్టిగా ప్రవర్తిస్తుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

స్లోలో మన దెబ్బలు సెకనుకు 20. ఈ దెబ్బల లెక్క ఆ సొంత ఊపు లెక్కకు 1.4 రెట్లు దాటితేనే రబ్బరు వణుకును ఆపడం మొదలుపెడుతుంది. దానికి లోపల ఉంటే ఆపకపోగా పెంచుతుంది. 1 మి.మీ. మాత్రమే కుంగే రబ్బరు పెట్టినప్పుడు 20ని 16తో భాగిస్తే 1.25, అంటే ఏమీ లేకుండా బిగించిన దానికంటే కూడా ఎక్కువ వణుకు. “రబ్బరు వేయించాక ఇంకా ఎక్కువైంది” అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. 3 మి.మీ. దగ్గర నిష్పత్తి రెండు దాటుతుంది, దెబ్బలో మూడోవంతు కంటే తక్కువే చాసీకి చేరుతుంది. 3 నుంచి 4 మి.మీ. మధ్యలో ఆగండి, అంతకంటే మెత్తన పోతే గతుకుల్లో ఇంజన్ ఎగరడం మొదలవుతుంది. ఈ లెక్క పైకీ కిందికీ కదిలే ఊపుకు వేసింది. పక్క ఊపును ఇందాక చెప్పినట్టు చోటుతో తగ్గించుకోవాలి.

ఇక రబ్బరు ఆకారం. రబ్బరు నలిగితే చిన్నదవ్వదు, పక్కలకు ఉబ్బుతుంది అంతే. ఉబ్బడానికి చోటు లేకపోతే రాయిలా ఉంటుంది. హార్డ్‌నెస్ (గట్టిదనం కొలత) 50 ఉన్న రబ్బరు, 50 మి.మీ. చదరం, 25 మి.మీ. మందం, రెండు వైపులా ఇనుప పలకలకు అతికించింది అనుకుందాం. నేరుగా నొక్కితే ఒక మిల్లీమీటరు కుంగడానికి సుమారు 34 కిలోలు కావాలి. అదే ముక్కను 10 మి.మీ. మందంతో చేస్తే 230 కిలోలు! మందం రెండున్నర రెట్లు తగ్గితే గట్టిదనం ఏడు రెట్లు పెరిగింది. పాత కార్లలో పలచటి బిళ్లలు దేనికీ పనికిరాకపోవడానికి కారణం ఇదే, అవి కొత్తగా ఉన్నప్పుడు కూడా పెద్దగా పనిచేయలేదు. 25 మి.మీ. ముక్కనే నొక్కకుండా పక్కకు జరిపితే, అంటే కోత దిశలో, మిల్లీమీటరుకు ఆరేడు కిలోలు చాలు. 45 డిగ్రీల వాలులో పెట్టినప్పుడు ఈ రెండూ కలిసి పనిచేస్తాయి: ఒక్కో ముందు రబ్బరు మీద 55 కిలోల బరువు పడితే సుమారు 2.7 మి.మీ. కుంగుతుంది. 3 మి.మీ.కు పిసరంత తక్కువే అయినా నాకు సరిపోయింది ఇదే కొలత.

కొన్న రబ్బరును నమ్మకండి, పరీక్షించండి. సిమెంటు బస్తా సరిగ్గా 50 కిలోలు, మన జిల్లాల్లో దానికి కరువు లేదు. రబ్బరును చదునైన కడప బండ మీద పెట్టి, వెర్నియర్‌తో ఎత్తు కొలిచి, పైన చెక్కపలక వేసి బస్తా పెట్టి, పది నిమిషాలాగి మళ్లీ కొలవండి. బస్తా పడిపోకుండా పక్కన ఒక మనిషి పట్టుకోవాలి. కుడి ఎడమ రబ్బర్ల కొలతల్లో పదోవంతుకు మించి తేడా ఉంటే ఆ జత వద్దు, ఇంజన్ ఒక పక్కకు ఒరుగుతుంది. మొత్తం కుంగుడు రబ్బరు మందంలో 10 నుంచి 15 శాతం దాటకూడదు.

రబ్బరును పలకకు అతికించడం ఇంట్లో అయ్యే పని కాదు. దుకాణంలో దొరికే గమ్ము ఏదీ నిలవదు. పలకను ఇసుకతో గరుకు చేసి, బాండింగ్ మందు పూసి, అచ్చులో వేడితో ఒత్తిడితో రబ్బరును ఉడికిస్తూనే అతికించాలి. మౌల్డింగు చేసేవాళ్లకు రెండు మాటలు స్పష్టంగా చెప్పండి: ముందువాటికి సహజ రబ్బరు, ఆయిలు కారే గేర్‌బాక్సు కింద నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు. సహజ రబ్బరు ఎక్కువ కాలం కుంగిపోకుండా నిలుస్తుంది, కానీ ఆయిలు తాగితే ఉబ్బి పిండిలా అయిపోతుంది. నియోప్రీన్ ఆయిలును మెరుగ్గా తట్టుకుంటుంది. చేయించే ఓపిక లేకపోతే అంబాసిడర్ మౌంటింగులు చూడండి, ఆ కారు 2014 దాకా తయారైంది కాబట్టి రబ్బర్లు దొరుకుతాయి. బస్తా పరీక్ష మాత్రం వాటికీ తప్పదు.

ఊగనివ్వండి, కానీ హద్దు పెట్టండి

ఫస్ట్ గేరులో క్లచ్ వదిలినప్పుడు ఇంజన్‌ను తిప్పే బలం గేరు నిష్పత్తితో గుణించి వస్తుంది, మూడు రెట్లకు పైగా. అందుకే ఇరుసుకు దూరంగా రెండు పక్కలా ఆపే రబ్బర్లు పెట్టాలి, మామూలుగా ఆడేటప్పుడు తగలకుండా 6 నుంచి 8 మి.మీ. ఖాళీతో. ముక్కు సన్నగా ఉన్న శంఖం ఆకారమైతే ఒక్కసారిగా కొట్టుకోదు.

దీనికంటే ముఖ్యమైనది రబ్బరు తెగినా ఇంజన్ విడిపోకూడదు. కింది పలక, పై పలక ఒకదానిలో ఒకటి కొక్కెంలా చిక్కుకునేలా, లేదా మధ్యలో ఒక వదులు బోల్టు పోయేలా చేయించండి. 1971లో అమెరికాలో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల షెవర్లే బండ్లను వెనక్కి పిలిపించింది. మౌంటింగు రబ్బరు విడిపోతే ఇంజన్ ఒక పక్కకు లేచి యాక్సిలరేటరు లింకును లాగేస్తుందని. అంత పెద్ద కంపెనీకే వచ్చిన సమస్య మన షెడ్డులో చేసిన బ్రాకెట్‌కు రాదని అనుకోవద్దు.

మీ కారులో జాయింట్ షాఫ్టు లావాటి గొట్టంలో మూసి ఉంటే, అంటే టార్క్ ట్యూబు బండి అయితే, ఇంకాస్త జాగ్రత్త. ఫోర్డ్ మోడల్ టీ, మోడల్ ఏ అలాంటివే. వాటిలో వెనక చక్రాలు బండిని తోసే బలం ఆ గొట్టం ద్వారా గేర్‌బాక్సుకు, అక్కడినుంచి ఇంజన్ మౌంటింగుల ద్వారానే చాసీకి చేరుతుంది. మెత్తటి రబ్బరు పెట్టి ఊరుకుంటే బండి లాగిన ప్రతిసారీ ఇంజన్ ముందుకు తోసుకుపోతుంది. గేర్‌బాక్సు నుంచి చాసీ అడ్డపట్టీకి పొడవునా ఒక రాడ్డు, రెండు చివర్లా చిన్న రబ్బరు బుష్‌లతో కట్టాలి. ఆ రాడ్డు ముందువెనకలు ఆపుతుంది, పక్క ఊపును ఆపదు. షాఫ్టు బయటికి కనబడే బండ్లలో తోపు వెనక కమాను కట్టల మీదే పడుతుంది, అయినా క్లచ్ తొక్కినప్పుడు ఇంజన్ కదిలి బండి అదురుతుంటే ఇలాంటి రాడ్డే మందు.

చాసీని కూడా చూసుకోండి. గట్టిగా బిగించిన ఇంజన్ ఆ పాత సన్నటి చాసీకి అడ్డదూలంగా కూడా పనిచేసేది. దాన్ని వదులు చేశాక నా బండికి గతుకుల్లో హెడ్‌లైట్లు కొత్తగా ఊగడం మొదలైంది. ముందు మౌంటింగుల కిందుగా ఒక అడ్డపట్టీ బోల్టులతో బిగించాక పోయింది. అసలు చాసీకి వెల్డింగు పెట్టకండి, రంధ్రాలు కూడా ఉన్నవే వాడండి, రేపు ఎవరైనా బండిని పాత రూపానికి తేవాలంటే వీలుండాలి.

ఇంజన్ ఇప్పుడు ఊగుతుంది కాబట్టి దానికి తగులుకున్న ప్రతిదీ వంగాలి. పెట్రోలు రాగి గొట్టాన్ని నేరుగా వదిలేస్తే కొన్నాళ్లకు చీలుతుంది, కింద వేడి సైలెన్సర్ పైపు ఉంటుంది, ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మధ్యలో పెట్రోలు తట్టుకునే హోస్ ముక్క తప్పనిసరి. సైలెన్సర్ మొదటి క్లాంపు ఇంజన్‌కో గేర్‌బాక్సుకో ఉండాలి, ఆ తర్వాతివి రబ్బరు పట్టీలతో వేలాడాలి. ఒక్క పైపు చాసీకి బిగుసుకుని ఉన్నా వణుకంతా ఆ దారినే వచ్చేస్తుంది, మీరు రబ్బర్లను తిట్టుకుంటూ కూర్చుంటారు. ఇంకా ఎర్త్ వైరు! రబ్బరు కరెంటును పోనివ్వదు. ఇంజన్ నుంచి చాసీకి లావాటి అల్లిక వైరు వేయకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కరెంటు చోక్ కేబులు, యాక్సిలరేటరు కేబులు గుండా దారి వెతుక్కుంటుంది, అవి ఎర్రగా కాలి అంటుకుంటాయి.

బిగించే వరుస

అన్ని బోల్టులూ ముందు వేళ్లతోనే పట్టించండి. చైన్ బ్లాకును పూర్తిగా వదిలి ఇంజన్ బరువంతా రబ్బర్ల మీద పడనివ్వండి. పక్కనుంచి చేత్తో ఇంజన్‌ను పదిసార్లు ఊపి వదిలితే అది తనకు హాయిగా ఉన్న చోట కూర్చుంటుంది. మొదట వెనకది, తర్వాత ముందు వైపువి బిగించండి. పానాతో లాగి రంధ్రాలు కలపాల్సి వస్తే ఆగిపోండి, బ్రాకెట్ తప్పు, ఎందుకంటే మెలిపడిన రబ్బరు సగం పని మానేసినట్టే. ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య 25 మి.మీ. అయినా ఉండాలి. ఆపే రబ్బర్ల ఖాళీని ఇంజన్ కూర్చున్నాకే సరిచేయండి.

స్టార్ట్ చేసినప్పుడు, మరీ ముఖ్యంగా ఆపినప్పుడు, ఇంజన్ ఒక పెద్ద ఊపు ఊగి నిలబడుతుంది. వేగం పడిపోతూ తన సొంత ఊపు లెక్కను దాటేటప్పుడు అలా ఊగుతుంది, అది తప్పు కాదు, కొత్తగా చూసినవాళ్లు టెన్షన్ పడి మళ్లీ గట్టి రబ్బరు పెట్టించుకుంటారు. బానెట్ తీసి చూస్తే ఇంజన్ మునుపటికంటే ఎక్కువ కదులుతూ కనిపించాలి, మడ్‌గార్డు మీద పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్లు మాత్రం దాదాపు నిశ్చలంగా ఉండాలి. నీళ్లలో ఇంకా అలలు కనబడుతుంటే ఒక్కో పైపునూ కేబులునూ తాత్కాలికంగా విడదీసి చూడండి, దొంగదారి అక్కడ దొరుకుతుంది.

ఎండ, ఆయిలు, డీజిల్

కర్నూలు, కడపల్లో మే నెల ఎండలకు బానెట్ కింద రబ్బరు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎగ్జాస్టు మ్యానిఫోల్డు వైపున్న రబ్బరుకు రేకు అడ్డం పెట్టండి, రేకుకూ రబ్బరుకూ మధ్య గాలి ఆడేలా వేలి మందం ఖాళీ వదలండి. వెనక రబ్బరు పైన చిన్న రేకు గొడుగు పెడితే గేర్‌బాక్సు ఆయిలు చుక్కలు పక్కకు జారిపోతాయి. సర్వీసింగు షెడ్లలో ఇంజన్‌ను డీజిల్ కొట్టి కడిగే అలవాటును మాత్రం గట్టిగా ఆపించండి, ఒక్క కడుగుడుతోనే సహజ రబ్బరు ఉబ్బడం మొదలవుతుంది. సబ్బునీళ్లు, గుడ్డ చాలు. స్పేరు రబ్బర్లు కొని పెట్టుకుంటే పాత గుడ్డలో చుట్టి చీకట్లో పెట్టండి, వెల్డింగు మిషన్ పక్కన వద్దు, అక్కడ పుట్టే ఓజోన్ రబ్బరును చీలుస్తుంది.

మొదటి 500 కి.మీ. అయ్యాక బోల్టులు మళ్లీ చూడండి, కుంగుడు మళ్లీ కొలవండి. కొత్త రబ్బరు మొదట్లో కాస్త కూర్చుని తర్వాత నిలకడగా ఉంటుంది. ఆపే రబ్బర్ల ఖాళీ అప్పుడే చివరిసారి సరిచేయాలి. ఆ తర్వాత ఏడాదికోసారి, ఎండాకాలం అయిపోయాక, గోటితో నొక్కి చూడండి. గోరు దిగకపోయినా, అంచుల్లో సన్నటి పగుళ్లు కనబడినా, పలక దగ్గర రబ్బరు విడుతున్నా జత మొత్తం మార్చండి, ఒక్కటి కాదు. నేను బిగించిన రోజు ఎత్తులు, ముందు ఎడమ, ముందు కుడి, వెనక, తేదీతో సహా షెడ్డు గోడ మీద పెయింటుతో రాసి పెట్టాను, ప్రతి ఏడాదీ దాని కిందే కొత్త కొలత రాస్తున్నాను.